నోషనల్ మరదలు

అమలాపురం,
9 జూన్ 2002.

వదినగారికి,

పన్నెండేళ్ళుగా మోస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. ఉత్తరంలో మొదటే పెట్టేస్తే తప్ప ఈసారి కూడా అడగకుండానే మడత పెట్టేస్తాను. నేను మిమ్మల్ని వదినగారూ అని ఏ వరసన పిలుస్తున్నాను?

తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రం మీరే నా చెయ్యి పట్టుకుని, ఇంకా అండీ ఏమిటి, వదినా అనెయ్యి అన్నారు. నేను సిగ్గుపడి గారు తగిలించాను. శ్రావణ మాసంలో ముహూర్తం. కువైట్‌లో పని ఒప్పచెప్పేసి వస్తానని మీ తమ్ముడు వెళ్ళారు. ఆ శ్రావణంలోనే అక్కడ యుద్ధం వచ్చింది. మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఆయన రాలేదు. పెళ్ళి జరగలేదు, ఇక జరగదని చెప్పినవాళ్ళూ లేరు. పిలుపు ఒక్కటీ ఉండిపోయింది.

మీరు అమలాపురం ఎప్పుడొచ్చినా మా ఇంటికి వస్తారు. కంటి డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడల్లా అత్తయ్యగారు మా వరండాలో కూర్చుని, కాఫీలో పంచదార తక్కువైందని చెప్పి, మొత్తం తాగి వెళ్తారు. అల్లవరం బస్సు మా కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. అరగంట ప్రయాణం. ఆ బస్సు నేను ఎప్పుడూ ఎక్కలేదు. తాంబూలాలైన పిల్ల గృహప్రవేశం అయ్యేదాకా అత్తవారి గుమ్మం తొక్కకూడదు. అయ్యేదాకా అన్నది ఎప్పటికి ముగుస్తుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంత దగ్గర్లో ఉండి, ఇంట్లో ఫోను పెట్టుకుని, ఈ ఉత్తరాలేమిటని అన్నయ్యగారు నవ్వుతున్నారని రాశారు. ఫోనులో మీరు ఆయ్ అంటారు, నేను ఆయ్ అంటాను. అక్కడితో సరి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మొన్న కాలేజీకి నా ఆర్డరు వచ్చింది. నాతో పాటు ఎంపికైనవాళ్ళకి 1988లో ఉద్యోగాలిచ్చి నన్ను నాలుగేళ్ళు ఆపారని వేసిన కేసు మీకు తెలుసుగా. ఆ ఎనభై ఎనిమిది నుంచే నా సర్వీసు నోషనల్‌గా పరిగణిస్తారట. స్టాఫ్ రూములో అందరూ స్వీట్లు అడిగారు. నేను ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. ఆ విశేషణం నా గురించే పుట్టి ఉంటుందని ఇంతకు ముందు తోచలేదు.

మీ
దుర్గాభవాని


అల్లవరం,
జూన్ 21.

దుర్గకి రామలక్ష్మి దీవించి రాయడం.

నీ ఉత్తరం సోమవారం అందింది. మీ అన్నయ్య చదివి పెడతానన్నేరు. ఎనిమిదో తరగతి దాకా నేనూ చదివేనండి అని లాక్కున్నాను.

వరసేంటమ్మా, వరస. వదినని వదినా అనడానికి మీ లెక్చరర్లకి ఆర్డరు రావాలా? పిలిచేవు, పలికేను. ఇన్నేళ్ళకి ఇప్పుడు పునాది తవ్వి చూసుకోడం దేనికి? గోడలు కదిలిపోతాయి.

ఆ నోషనల్ అన్నదేంటో నాకు అర్థం కాలేదు. ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా? మీ అన్నయ్యనడిగితే, రొయ్యల చెరువులో గాలి కొట్టే మిషనుకి అలాంటి పార్టు ఒకటుందన్నేరు. ఆయనకి తెలీదు అనడం ఒక్కటే తెలీదు. వివరంగా రాయి.

చెరువు బాగానే ఉంది. ఈసారి రొయ్యకి తెల్లమచ్చ రాకపోతే అన్నవరం వస్తానని మొక్కుకున్నాను. అమ్మా బాగానే ఉంది. అన్నం కొంచెం తగ్గించింది. నువ్వు పంపిన చుక్కల మందు వేస్తున్నాను. చూపు ఫర్వాలేదంటాది గానీ, గేటు చప్పుడైతే ఎవరో పోల్చుకోడానికి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాది. పంతులుగారు రెండుసార్లు వచ్చి వెళ్ళేరు. ఊరికే.

రామలక్ష్మి


అమలాపురం,
4 జూలై 2002.

వదినగారికి,

నా ప్రశ్నని నవ్వుతో దాటేశారు. సరే, మీ ప్రశ్నకి జవాబు రాస్తాను. పాఠం చెప్పడం నాకు తేలిక.

నోషనల్ అంటే ఊహలో ఉన్నది అని నిఘంటువులో ఉంటుంది. అది చాలదు. ఊహ మనసులో పుట్టి అక్కడే పోతుంది. ఆఫీసువాళ్ళు నోషనల్ అన్నారంటే, అది జరగలేదని వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు, అయినా జరిగినట్టే పరిగణిస్తారు. ఎనభై ఎనిమిదిలో నేను ఏ క్లాసులోనూ నిలబడలేదు. నాన్నగారి పక్కలో బెడ్‌పాన్ పెడుతూ ఇంట్లో ఉన్నాను. అయినా ఆ నాలుగేళ్ళూ నేను పాఠాలు చెప్పినట్టే. జీతం రాదు. సీనియారిటీ వస్తుంది.

దీనికి తెలుగు వెతికాను. నామమాత్రం అందామంటే అందులో కాస్త చిన్నచూపు ఉంది. కల్పితం అంటే అబద్ధమన్నట్టు వినిపిస్తుంది. ఇది అబద్ధం కాదు. అలాగని నిజంగా జరిగిందా అంటే, అదీ కాదు. డిగ్రీ పిల్లలకి మొన్న క్లాసులో ఇదే చెప్పాను. ఈ మాట కుర్చీకి వాడరు, చెట్టుకి వాడరు, తేదీకి, విలువకి, హోదాకి, ఒక ఆలోచనకి వాడతారు, చేత్తో పట్టుకోలేనివాటికే ఇది అని. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, మనుషులకి వాడొచ్చా మేడమ్ అంది. వాడరమ్మా అన్నాను. బెల్లు కొట్టారు. స్టాఫ్ రూముకి వచ్చి కూర్చున్నాక అనుమానం పట్టుకుంది. వాడకూడదా, లేక ఇంతవరకూ ఎవరూ వాడలేదా?

ఆయన వెళ్ళే ముందు నాతో మాట్లాడింది రెండే సార్లు. ఒకసారి తాంబూలాల నాడు, మీ అందరి మధ్య. రెండోసారి బస్టాండులో. నా చేతిలో పుస్తకాల బరువు చూసి, ఇవన్నీ చదివేస్తారా లేకపోతే మోస్తారా అన్నారు. ఏదో ఒకటి చేస్తానులెండి అన్నాను. ఇంకొంచెం మంచి జవాబు చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ మనసులో వేరే జవాబులు చెప్పుకుంటూ ఉంటాను.

పంతులుగారు ఊరికే రెండుసార్లు రారు వదినగారూ. ఏమిటో రాయండి.

మీ
దుర్గాభవాని


అల్లవరం,
జూలై 19.

దుర్గకి,

నువ్వు రాసింది రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. అంటే, వ్రతంలో పంతులుగారు వస్త్రం సమర్పయామి అంటారు, మన దగ్గర కొత్త బట్ట లేదంటే వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి అని నాలుగు గింజలు వేయించేస్తారు చూడు, అదేనా? గొడుగు లేకపోతే గొడుక్కి అక్షతలు, నగ లేకపోతే నగకి అక్షతలు. ఇన్నేళ్ళలో దేవుడికి ఎన్ని నగలు పెట్టేనో. ఆయన కూడా ఎప్పుడూ తూకం వేయించలేదు.

నవ్వించి ఆ తరవాత చెబుదామనుకున్నాను. అయింది కదా, చెబుతున్నాను. పంతులుగారు ఊరికే రాలేదు. అమ్మే కబురంపింది.

ఈ ఆగస్టుకి పన్నెండేళ్ళు. కబురు లేని మనిషి కోసం పన్నెండేళ్ళు ఎదురు చూసి, ఆ తరవాత కర్మ చెయ్యాలట. మనిషి లేడు గనక దర్భలతో, మోదుగాకులతో మనిషంత బొమ్మ కడతారు. తలకి కొబ్బరికాయ పెడతారు. దాన్ని కాలవ గట్టుకి తీసుకెళ్ళి దహనం చేస్తారు. మా పెదనాన్న గారి నూకరాజు నిప్పు పెడతానన్నాడు. పంతులుగారు ఇదంతా చెబుతుంటే నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. శరీరం లేదు గనక శరీరార్థం దర్భలు. నువ్వు చెప్పిన మాట నాకు ఆ పూటే పూర్తిగా అర్థమైంది.

పంతులుగారు, అబ్బాయికి భార్య ఉందాండి అని అడిగేరు. మీ అన్నయ్య గోడకేసి చూస్తున్నారు. అమ్మ అంది, "దాన్ని అడగాలండి."

భార్య ఉందాండి అంటే ఉందనలేదు, లేదనలేదు. దాన్ని అడగాలి అంది. నువ్వు సరే అంటేనే చెయ్యనిస్తాదట. నువ్వు కాదంటే తను ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎత్తొద్దంది.

నువ్వేం భయపడకు. నీకు మైల రాదట. తాళి కట్టలేదు గనక నీకు ఏ నియమమూ లేదన్నేరు. బొట్టు, గాజులు, ఏవీ ముట్టుకోనక్కర్లేదు. అది విని నా గుండె కుదుటపడింది. సరే అని రాసెయ్యి.

రామలక్ష్మి


అమలాపురం,
2 ఆగస్టు 2002.

రామలక్ష్మి గారికి,

మీ ఉత్తరం అందింది. తాళి లేదు గనక నియమం లేదని పంతులుగారు చెప్పాక నా అంగీకారం దేనికో తెలియడం లేదు. సరే అనడానికైనా ఒక వరస ఉండాలి కదా. మైల కూడా అంటని మనిషి మాట కోసం మీ ఇంటి కర్మ ఆగడం సబబు కాదు.

మీ అమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త. చుక్కల మందు అయిపోతే రాయండి.

దుర్గాభవాని


అల్లవరం,
ఆగస్టు 14.

లెక్చరరు దుర్గాభవాని గారి సముఖమునకు, అల్లవరం రామలక్ష్మి గారు నమస్కరించి రాయడం.

గారు బాగుంది. మా అత్తగారు పోయేదాకా నన్నెప్పుడూ అలా పిలవలేదు. నీ చేత పిలిపించుకున్నాను.

కోపం వచ్చింది నీకు. రావాల్సిందే. మైల రాదని విని నేను సంతోషపడ్డాను చూడు, నాకు బుద్ధి లేదు. నీకు ఒక కష్టం తప్పిందనుకున్నాను గానీ నిన్ను బయట నిలబెట్టేనని అనుకోలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అన్నయ్య కూర బాలేదన్నేరు. నాలుగు రోజులుగా బాగుండట్లేదండి, ఇవాళ తెలిసిందా అన్నాను. ఆయన పళ్ళెం ఆయనే కడుక్కున్నేరు.

ఇప్పుడు విను. ఇది నీకు రాయకూడదనుకున్నాను.

యేసురత్నం చెప్పిన సంగతి నీకు తెలుసు. వాడూ మన రమణా ఒకే గదిలో ఉండేవారు. సరిహద్దు దగ్గర లారీల మీద జనాన్ని ఎక్కిస్తున్నారు. చోటు చాల్లేదు. మీరు ఎక్కండ్రా, నేను వెనక బండిలో వస్తాను అన్నాడట. యేసురత్నం క్యాంపులో వారం రోజులు వెనక బండ్లన్నీ చూసేడట. అంతవరకే నీకు తెలుసు.

నీకు తెలీనిది ఇది. సాయంత్రం ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని ఎవరన్నా అంటే అమ్మ ఇప్పటికీ, వెనక ఇంకోటి ఉందేమో చూడండర్రా అంటాది. మొదట్లో నేను ఏడ్చేదాన్ని. తరవాత విసుక్కునేదాన్ని. ఇప్పుడు, ఆయ్, ఉందమ్మా అంటున్నాను.

ఏటా మహాలయ పక్షాల్లో నాన్నకి పెడతాం, తాతగారికి పెడతాం. వీరవెంకటరమణ పేరు దగ్గరికి వచ్చేసరికి పంతులుగారు అమ్మ మొహం చూస్తారు. అమ్మ తల అడ్డంగా ఊపుతాది. ఆయన ముందుకి పోతారు. కిందటేడు అందరూ భోజనాలు చేసి లేచేక నా పక్కన కూర్చుని, "బతికుంటే ఎవరో ఒకరు పెడతారు. లేకపోతే మాత్రం వాడు ఇన్నేళ్ళూ ఆకలితో ఉన్నట్టేనే" అంది.

అప్పటి నుంచే అమ్మకి అన్నం సయించట్లేదు. నేను నీకు కొంచెం తగ్గించింది అని రాసేను. కొంచెం కాదు.

అంగీకారానికి వరస ఉండాలన్నావు. ఈ ఇంట్లో వాడి కోసం కూర్చున్నది అమ్మ. ఆ ఇంట్లో కూర్చున్నది నువ్వు. ఆ వరస చాలదూ? నీ దగ్గర ఇంకా మంచి ఇంగ్లీషు మాట ఉంటే రాయి.

మీ వదిన


అమలాపురం,
1 సెప్టెంబరు 2002.

వదినగారికి,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

మీకు తెలియదనుకుంటాను. తొంభై మూడులో నాకు కపిలేశ్వరపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. నాన్నగారు ఆఖరి రోజుల్లో ఉన్నారు, తొందరపడ్డారు. మంచివాళ్ళే. పాత సంగతి ఏమిటో కనుక్కుందామని వాళ్ళ పెద్దమనిషి ఒకాయన మీ ఊరు వచ్చి అత్తయ్యగారిని కలిశాడు. ఆ పిల్ల మా కోడలండి అన్నారట ఆవిడ. ఇంకేమీ అనలేదట, మజ్జిగ ఇచ్చి పంపారట. వాళ్ళు మళ్ళీ రాలేదు. మధ్యవర్తి మా ఇంటికొచ్చి చేతులు తిప్పుకుంటూ ఇదంతా చెప్పాడు. నాన్నగారు మంచం మీంచి లేవలేక మండిపడ్డారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఆ మాటని పైకే అనుకుని చూశాను. ఆ పిల్ల మా కోడలండి. కోపం రావాలి కదా. రాలేదు. ఎవరో ఒకరు పైకి అన్నారు, అది చాలనిపించింది. వదినగారూ, నేను అప్పటి నుంచీ ఆ మాట పట్టుకునే ఉన్నాను.

మీరు ఉత్తరంలో అడిగినదానికి జవాబు ఇదే. మంచి ఇంగ్లీషు మాట లేదు.

కాని సరే అనడం నాకు ఎందుకు కష్టమో ఒక్కసారి వినండి. సరే అంటే ఆయన్ని పంపించేసినదాన్ని నేనవుతాను. కాదంటే ఆకలితో ఉంచినదాన్ని నేనవుతాను. ఆయన ఉన్నారని నాకు నమ్మకమా అంటే, లేదు. పోయారని నమ్మకమా అంటే, అదీ లేదు. ఈమధ్య ఆయన మొహం కూడా సరిగా గుర్తుకు రావడం లేదు. గొంతు వస్తోంది. చదివేస్తారా, మోస్తారా అన్నప్పుడు చివర కొంచెం నవ్వు ఉంది, అది వస్తోంది. దాన్ని కూడా దర్భలతో పాటు కాల్చేస్తే నా దగ్గర ఏం మిగులుతుందో తెలియదు.

అయినా సరే. చేయండి. ఆకలి అన్న మాట చదివాక కాదనడం నా వల్ల కాలేదు.

ఒకటి అడుగుతాను. ఆ రోజు నేను రావాలి. గృహప్రవేశం కాని మనిషిని ఎవరో ఒకరు పిలిస్తే తప్ప గుమ్మం ఎక్కలేను. కర్మ జరిగే ఇంట్లో ఎవరినీ రమ్మనకూడదు. మరి నన్ను ఎవరు పిలుస్తారు? అత్తయ్యగారిని అడిగి రాయండి. కుడికాలు పెట్టాలా వద్దా అన్నది కూడా. నవ్వకండి.

మీ
దుర్గాభవాని


అల్లవరం,
సెప్టెంబరు 18.

దుర్గకి,

నవ్వలేదు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేను. కపిలేశ్వరపురం దగ్గరికి వచ్చేసరికి ఆగమని, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివేను. ఆ మాట అన్నట్టు తనకి గుర్తు లేదట. ఆ వచ్చినాయన కూడా గుర్తు లేడట. మజ్జిగ మాత్రం ఇచ్చే ఉంటాను అంది. ఆ తరవాత, గుర్తు లేకపోతే ఏంటి, అనే ఉంటాను అంది.

బహుళ ఏకాదశికి పెట్టేరు. అక్టోబరు రెండు. నీకు ఎలాగూ సెలవే, చీటీ పెట్టనక్కర్లేదు.

పిలుపు గురించి అమ్మని అడిగేను. కర్మ ఇంటికి ఎవరినీ రమ్మనం, వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తాననరు, ఆ సంగతి దానికీ తెలుసు, నేను పిలవకూడదు, గుమ్మంలో నించుంటాను, రావడం మానడం దాని ఇష్టం అంది. కుడికాలు సంగతి అడిగితే, రెండూ పెట్టమను అంది. అమ్మ అలా హాస్యమాడి ఎన్నాళ్ళయిందో.

బొమ్మ తలకి పెట్టే కొబ్బరికాయ ఏ చెట్టుదైనా ఫర్వాలేదన్నేరు పంతులుగారు. అమ్మ ఒప్పుకోలేదు. వాడు వెళ్ళేముందు నాటిన చెట్టు నుంచే దింపించింది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తనే కూర్చుని పీచు తీసింది. కళ్ళు మూడూ కనపడేటట్టు ముందంతా తీసి, వెనక పీచు వదిలేసింది. ఆ పీచుకి నూనె రాసి చేత్తో దువ్వుతుంటే చూసి నేను పెరట్లోకి వచ్చేసేను.

బస్సు దిగేక వంతెన దాటాలి. ఎవరినన్నా అడుగు, చూపిస్తారు.

రామలక్ష్మి


అమలాపురం,
5 అక్టోబరు 2002.

వదినగారికి,

పైన ఏమని రాయాలో ఈసారి ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే రాసేసింది.

బస్సు దిగాక ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్ళూ మీరు రాసిన ఉత్తరాల్లోంచే నడిచి వచ్చేశాను. వంతెన, కుడిచేతి వైపు కొబ్బరి దిబ్బ, మీ నాన్నగారి అన్నదమ్ముల తగువుకి కారణమైన కంచె, పచ్చ గేటు. ఆ గేటు ఇంత చప్పుడు చేస్తుందని మాత్రం మీరు రాయలేదు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒక్క క్షణం ఆవిడ ఎదురు చూసింది నా కోసం కాదు. నేనే అని పోల్చుకున్నాక చెయ్యి దించి, మాట్లాడకుండా పక్కకి జరిగారు. ఒక మనిషి పట్టేంత చోటు. అందులోంచే లోపలికి వెళ్ళాను. ఏ కాలు ముందు పెట్టానో నాకు గుర్తు లేదు. మీరు నా వెనకే ఉన్నారు, చూసి ఉంటారు. రాయకండి.

చాప మీద బొమ్మ చూశాను. మనిషంత అని రాశారు. ఆయన అంతకన్నా పొడుగు వదినగారూ. బస్టాండులో నేను తలెత్తి మాట్లాడాను. ఇంకో జానెడు దర్భలు పెట్టండి అని పంతులుగారికి చెప్పాలనిపించింది. చెప్పే మనిషినో కాదో తెలియక ఊరుకున్నాను. అంతలో అత్తయ్యగారు, "వాడు పొట్టివాడు కాదండి" అన్నారు. పంతులుగారు కాళ్ళ దగ్గర ఇంకొంచెం కలిపి కట్టారు. ఆవిడ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఇప్పుడు మీరు చూడనిది రాయాలి. అందుకే ఈ ఉత్తరం.

మగవాళ్ళు కాలవ గట్టు నుంచి తిరిగొచ్చారు. మీరు పెరట్లో వాళ్ళ స్నానాలకి నీళ్ళు తోడుతున్నారు. నా బస్సుకి వేళయింది. లేచి చీర సవరించుకుని వరండా మెట్టు దిగాను. అత్తయ్యగారు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మీ పెద్దమ్మగారూ, ఇంకో ఇద్దరూ పక్కనే ఉన్నారు. నేను చేతులు జోడించి, "వెళ్ళొస్తానండి అత్తయ్యగారూ" అన్నాను.

అన్నాక తెలిసింది. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి, కర్మ జరిగిన ఇంట్లో ఆ మాట అనకూడదని. అన్నీ అడిగి, మీ చేత రాయించుకుని మరీ వచ్చినదాన్ని. మీ పెద్దమ్మగారు విసురుతున్న విసనకర్ర ఆగిపోయింది. రెండోవిడ, చదువుకున్నవాళ్ళకి ఇవన్నీ ఎవరు చెబుతారులే అని గొణిగింది. మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

అత్తయ్యగారు తలెత్తి నన్ను చూశారు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆయ్. రా అమ్మా" అన్నారు.

ఎవరినీ రమ్మనకూడని రోజున, అనకూడదని ఆవిడే మీ చేత రాయించిన మాట. నేను గేటు దాకా ఎలా వచ్చానో తెలియదు. వంతెన మీద నిలబడి బస్సు కోసం చూశాను. ఒకటి వచ్చింది. నిండుగా ఉందని కాదు, ఎందుకో ఎక్కలేదు. దాని వెనక వచ్చినదాంట్లో ఎక్కాను.

ఇంటికి వచ్చి తల మీద నీళ్ళు పోసుకున్నాను. ఆ స్నానం ఎవరైనా చేసేదే. దాని తరవాతే చిక్కు. సోమవారం నుంచి నవరాత్రులు. కాలేజీలో సరస్వతి పూజకి ఈ ఏడు దీపం నన్ను వెలిగించమన్నారు. సీనియర్‌ని అయ్యాను కదా, ఎనభై ఎనిమిది నుంచి. మైల ఉన్నదాన్నయితే వెలిగించకూడదు. లేనిదాన్నయితే వద్దనడానికి కారణం లేదు. ఆలోచించి చెబుతానన్నాను. దీనికి ఆలోచన దేనికి మేడమ్ అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఏం చెప్పను?

నోషనల్ అన్న మాటకి తెలుగు ఇంకా దొరకలేదు. మీ అక్షతలే దగ్గరగా వచ్చాయి. అక్షతలు వేసినవాళ్ళకి ఎప్పటికైనా అసలు గొడుగు, అసలు బట్ట కొని పెట్టాలని ఉంటుందేమో అని ఈ రెండు రోజులుగా అనిపిస్తోంది. లేకపోతే ఆ పేర్లు అంత వివరంగా ఎందుకు చెబుతారు?

ఆ వెళ్ళొస్తాను అన్నది అలవాటుగా నోరు జారిందో, కావాలనే అన్నానో నాకు తెలియదు. అత్తయ్యగారితో అన్నానో, అప్పటికే కాలవ గట్టున ఆరిపోయిన ఆయనతో అన్నానో కూడా తెలియదు. అన్నాను గనక రావాలి. అది ఒక్కటీ గట్టిగా తెలుసు. ఏ వరసన రావాలో మాత్రం, వదినగారూ, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దుర్గ